గడీ పెట్టెకు మన తుమ్మముల్లు

ఆదిలాబాదు
బేస్తవారం, పొద్దున

మా పెద్దక్క లచ్చమ్మకు, తమ్ముడు రాజలింగు దూరం నుంచే కాళ్లు మొక్కి రాసుకున్న ఉత్తరం.

నేను ఇక్కడ బాగున్నాను. ఒంట్లో ఓపిక ఉంది, కంచంలో రొట్టె ఉంది. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? బావకు దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా? కోడలు సుజాత రాసిన ఉత్తరం అందింది. నీ ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, కుడి చెవి కూడా మందగిస్తోందనీ రాసింది. పొయ్యి మీద ఎసరు మరిగేది వినబడటం లేదని నువ్వు చెప్పావట. ఆ ఒక్క ముక్క నాలుగు సార్లు చదివాను.

సుజాతమ్మా, ఈ ఉత్తరం అత్తమ్మకు కుడి పక్కన కూర్చొని, జర గట్టిగా చదువు బిడ్డా. మామ ఇంట్లో ఉన్నప్పుడే చదువు. ఆయన కూడా వినాలి. ఆయనకు కోపం వచ్చే చోట గొంతు తగ్గించొద్దు.

ఇక్కడ చలి బాగా ఉంది అక్కా. మన దిక్కు చలి దుప్పటితో పోతుంది. ఈ చలి దుప్పట్లోకి వచ్చి పక్కన పడుకుంటుంది. పొద్దున గేటు దగ్గర చిట్టీ రాయాలంటే వేళ్లు వంగవు. చాయ్ గ్లాసు పట్టుకొని వేళ్లను మెత్తబరుచుకొని రాస్తాను. పని కష్టం ఏమీ లేదు. పత్తి బండ్లు వస్తాయి. ఏ ఊరి బండి, ఎవరి బండి, ఎన్ని బోరాల పత్తి, అంతే రాయాలి. చిట్టీ లేనిదే ఏ బండీ జిన్నింగు మిల్లు గేటు దాటకూడదు. లోపలికీ పోకూడదు, బయటికీ రాకూడదు. సాయంత్రానికి నా కనుబొమ్మలు, మీసాలు పత్తి దుమ్ముతో తెల్లగా అవుతాయి. అవి ముందే తెల్లవి కాబట్టి ఎవరూ గుర్తుపట్టరు.

కూలీలు మరాఠీ మాట్లాడతారు. నన్ను ఆజోబా అని పిలుస్తారు. తాత అని అర్థమట. మంచివాళ్లే. తినడానికి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు నూరిన కారం. అన్నం వారానికి ఒకసారి వండుకుంటాను. నీ చేతి పులుసు యాదికొస్తుంది. ఆదివారం మాత్రం పొద్దు పోదు. మాట్లాడేవాళ్లు లేరని కాదు, నాకు మాట్లాడటం రాదు, నీకు తెలుసు కదా. బాయిలో నీళ్లు ఎండి, ఇంటామె పోయి, ఈ వయసులో ఇల్లు తాళమేసి ఇక్కడికి వచ్చానని ఊళ్లో వాళ్లు ఏమేమో అంటున్నారని విన్నాను. అననీ. నా చేతులతో సంపాదించుకున్న కూలి నా దగ్గర ఉంది. దాంతో నేను ఏం కొన్నానో చెప్పడానికే ఈ ఉత్తరం.

పాటల పెట్టె కొన్నాను అక్కా.

ఏ పెట్టె కొన్నానో ఇప్పుడే చెప్పను. ముందు జరిగింది వినండి. నీకు తెలిసిందే అయినా కోడలికి తెలియదు కదా, మొదటి నుంచి రాస్తున్నాను.

సుజాతమ్మా, మీ అత్తమ్మ తండ్రి, మా బాపు నర్సయ్య, భాగవతాల్లో పద్యాలు పాడేవాడు. ఒకసారి మా ఊరి గడీలో ఉండే పెద్ద దొర బాపును వెంట పెట్టుకొని పట్నం పోయి, అక్కడికి వచ్చిన పాటల ప్లేట్లు చేసే కంపెనీ వాళ్ల ముందర పాడించాడు. బాపు పాట నల్ల ప్లేటు అయి వచ్చింది. రెండు ప్లేట్లు ఇచ్చారు. ఒకటి గడీకి, ఒకటి మాకు. మా దగ్గర ప్లేటు ఉంది, పెట్టె లేదు. గడీలో రెండూ ఉన్నాయి. పండుగ పూట జీతగాడు పెట్టెకు చావి తిప్పి, సూది ఆనించేవాడు. ఇత్తడి బోంగలోంచి బాపు పాడేవాడు. మేము గడీ వాకిట్లో, చెప్పులు బయట విడిచి, నిలబడి వినేవాళ్లం. బాపు పోయిన తరువాత కూడా అట్లాగే. మా బాపు గొంతు వినడానికి మేము ఇంకొకరి వాకిట్లో నిలబడాలి. మీ అత్తమ్మ నడుము మీద పిల్లను ఎత్తుకొని నిలబడేది. ఒక్కసారి కూడా కూర్చోమన్నవాళ్లు లేరు.

ఆ గడీ ప్లేటు అరిగి అరిగి తెల్లబడింది. ఆఖరికి చాటలో ఇసుక చెరిగినట్టు చప్పుడు వచ్చేది, పాట వచ్చేది కాదు. మన ప్లేటు మాత్రం మనల్ని కన్న అవ్వ చీర ముక్కలో చుట్టినట్టే ఉంది. దాన్ని నేను ఇక్కడికి తెచ్చుకున్నాను. అక్క కుడి చెవి ఉండగానే ఆ పాట ఆమెకు వినిపించాలని పట్టుపట్టాను. రెండో చెవి పోయాక ఎన్ని పెట్టెలు కొని ఏం లాభం?

ఇక్కడ బజారులో రేడియోలమ్మే సేటు దుకాణం ఉంది. మూడు రోజులు దాని ముందు నుంచి పోయాను, లోపలికి పోలేదు. నాలుగో రోజు సేటే పిలిచాడు.

“ఏం తాతా, రోజు వస్తున్నవు, రోజు పోతున్నవు? మా దుకాణానికి పహరా కాస్తున్నవా?”

నేను ప్లేటు చూపించాను. కొత్త మిషిను తీశాడు. అక్కా, ఎంత అందంగా ఉంది! చిన్న సూట్‌కేసు తీరుగా ఉంది, మూత తెరిస్తే లోపల చక్రం. కరెంటుతో తిరుగుతుంది. ప్లేటు మీద ఆనే చెయ్యి బుడ్డ పిట్ట వాలినట్టు వాలుతుంది. సేటు తొందరలో చక్రం వేగం చూసుకోకుండా పెట్టాడు. బాపు గొంతు ఈనబోయే బర్రె గొంతు అయింది. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లలో ఒకడు అడిగాడు.

“తాతా, మీ నాయిన కల్లు కుండ పక్కన పెట్టుకొని పాడిండా ఏంది?”

“ఆపుండ్రి” అన్నాను. గట్టిగానే అన్నాను. నా గొంతుకు నేనే బెదిరాను.

సేటుకు తప్పు తెలిసింది. కొత్త ప్లేట్లు మెల్లగా తిరుగుతాయట, మన పాత ప్లేటు నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరగాలట. గుండీ మార్చాడు. అప్పుడు వచ్చాడక్కా బాపు. పద్యం ఎత్తుకోవడం, మధ్యలో ఊపిరి పీల్చుకోవడం, అంతా. నవ్వినవాళ్లు కూడా మిషిను దగ్గరికి జరిగారు.

పాట అయిపోయింది. సేటు మిషిను చెయ్యి పైకి లేపలేదు, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ప్లేటు ఇంకా తిరుగుతోంది. అప్పుడు బాపు దగ్గాడు. దగ్గి, మామూలు గొంతుతో అడిగాడు.

“సరిపాయెనా దొరా?”

అంతే. తరువాత గరగర.

మనం ఇది ఎన్నడూ వినలేదు. గడీలో పాట అయ్యీ కాకముందే జీతగాడు చెయ్యి లేపేసేవాడు, ప్లేటు అరుగుతుందని. బాపు మాట్లాడిన మాట ఈ భూమి మీద ఇది ఒక్కటే మిగిలింది. అది కూడా దొరను అడిగిన మాట. నేను ప్లేటు తీసుకొని బయటికి వచ్చేశాను. ధర కూడా అడగలేదు. మళ్లీ సాయంత్రం పోయి అడిగాను. నా దగ్గర ఉన్నదానికి దాదాపు రెండింతలు చెప్పాడు. కిస్తుల మీద ఇస్తానన్నాడు. నేను ఒద్దన్నాను.

అబద్ధం చెప్పను అక్కా, ఆ మిషిను మీదికే మనసు పోయింది. ప్లేటుకు దెబ్బ తగలదు, గొంతు సాఫుగా వస్తుంది. కానీ మీ ఇంట్లో కరెంటు ఎక్కడిది? స్తంభాలు వేస్తామని చెప్పిపోయినవాళ్లు మళ్లీ రాలేదు కదా. బ్యాటరీల మీద తిరిగేది ఇంకా ఎక్కువ ధర. దాని సూది అరిగితే హైదరాబాదు నుంచే రావాలట. వచ్చే సీజను దాకా కూడబెడితే కొనగలను. నీ చెవి వచ్చే సీజను దాకా ఆగుతుందా?

ఇక రెండోది. చిన్న దొర మంచిర్యాలలో ఉంటున్నాడనీ, గడీ సామాన్లు ఒక్కొక్కటి అమ్ముతున్నాడనీ, అందులో ఆ బోంగ పెట్టె కూడా ఉందనీ పోయిన ఉత్తరంలో రాశాను. దానికి బావ చెప్పిన జవాబు సుజాత ఉన్నది ఉన్నట్టు రాసింది. “గడీ ఎంగిలి పెట్టె నా గడప దాటద్దు. కొంటే కొత్తది కొనమను, లేకుంటే ఊకోమను.”

బావా, నీ కోపం నాకు తెలుసు. గడీ ముందు నుంచి పోయేటప్పుడు నువ్వు చెప్పులు చేతపట్టుకొని నడిచిన మనిషివి. కానీ నేను ఊకోను. అరవై ఏండ్లు ఊకున్నాను. ఇప్పుడు నేను చెప్తాను, నువ్వు విను.

ఖాదర్ భాయ్ అని, పెళ్లిళ్లకు మైకు సెట్లు కిరాయికి ఇచ్చే మనిషి మిల్లు పక్కనే ఉంటాడు. నా అంతటి వయసే. ఆయన్ను అడిగాను, పాత పెట్టె మంచిదా చెడ్డదా అని.

“పెట్టె మంచిదే అన్నా. దాని సూదే హరామీది” అన్నాడు. “అది సూది గాదు, ఉలి. ఇనుప సూది, పైన గంత బరువు. పాట పాడుకుంట పాడుకుంటనే ప్లేటును చెక్కుకుంట పోతది. వెనకట నవాబుల ఇండ్లల్ల ప్లేటు మీద పానం ఉన్నోళ్లు ఇనుము పెట్టేటోళ్లు గాదు. వెదురు పుల్ల సన్నంగ చెక్కి పెట్టేటోళ్లు.”

నేను అడిగాను.

“ముల్లు పెడితే?”

“ఏం ముల్లు?”

“తుమ్మ ముల్లు.”

ఆయన నవ్విన నవ్వుకు చేతిలో చాయ్ ఒలికింది. “నవాబులకు వెదురు, నీకు తుమ్మనా!” అన్నాడు. తరువాత నవ్వు ఆపి, గడ్డం గోక్కొని, “పెట్టి జూద్దాం పా” అన్నాడు.

మిల్లు వెనక తుమ్మకంప ఉంది. ఎండిన ముల్లు, సూటిగా ఉన్నది ఒకటి తెంపాను. ఖాదర్ భాయ్ దగ్గర స్ప్రింగు తెగిన పాత పెట్టె ఒకటి మూలకు పడి ఉంది. దాని చేతికి ముల్లు బిగించి, పగిలిన ప్లేటు ఒకటి వేసి, ఆయన వేలితో తిప్పాడు. పాట వచ్చింది బావా! ఎవరో ఖవాలీ పాడుతున్నాడు. గొంతు చిన్నగా, మెత్తగా వచ్చింది. ఒకే చోట పది సార్లు తిప్పి, ప్లేటును ఎండకు పట్టి చూశాం. గీత పడలేదు. ప్లేటు అరగలేదు, ముల్లే అరిగింది. అరిగితే ఏమైంది, మన దగ్గర ముండ్లకు కరువా?

గడీ పెట్టెను ఎట్లా పరీక్షించాలో కూడా ఆయనే నేర్పాడు. మొన్న సెలవు పెట్టి మంచిర్యాల పోయాను.

చిన్న దొర బొగ్గు డిపో నడుపుతున్నాడు. వెంట్రుకలు పోయాయి, పొట్ట వచ్చింది. నన్ను గుర్తుపట్టాడు.

“నర్సయ్య కొడుకువు గాదు? రారా రాజలింగు, లోపటికి రా. గాడ నిలవడ్డవేంది? కూసో.”

అరవై ఏండ్లకు విన్న మాట. కానీ కాళ్లు వంగలేదక్కా. నిలబడే ఉన్నాను. పెట్టె ఒక మూలన ఉంది. బోంగ మీద ఉతికిన బట్టలు ఆరేశారు. చూడగానే చెప్పులు విప్పబోయాను. తరువాత, అవి గుమ్మం దగ్గరే విప్పానని గుర్తొచ్చింది.

ఖాదర్ భాయ్ ఇచ్చిన వేరే ప్లేటు వేసి, కింద చిన్న కాగితం ముక్క బయటికి కనిపించేట్టు దోపాను. నిండా చావి తిప్పాను. గోడ గడియారం చూసుకుంటూ కాగితం ఎన్నిసార్లు తిరిగి వస్తుందో లెక్కపెట్టాను.

“ఏం జేస్తున్నవ్ రాజలింగు?”

“తిరుగుడు లెక్కవెడుతున్న దొరా.”

“మా నాయిన గిట్ల ఎన్నడు జూడలే.”

“పెద్దదొర కొనేటప్పుడు పైసలకు చూసుకోలే. నేను చూసుకోవాలె గద.”

నిమిషానికి డెబ్బై రెండే తిరిగింది. పక్కన చిన్న మర ఉంటుందని ఖాదర్ భాయ్ చెప్పాడు. అది తిప్పి మళ్లీ లెక్కపెట్టాను. మూడోసారికి డెబ్బై ఎనిమిది. స్ప్రింగు పాట అయ్యేదాకా కుంగలేదు. గొంతు వచ్చే డబ్బాలో రబ్బరు మాత్రం గట్టిపడి గలగలమంటోంది. ఆ మాట చెప్పాను. నేను చెప్పగలనని నేనే అనుకోలేదు.

ఆయన చెయ్యి ఊపాడు. “గదేదో చెప్తున్నవు, నాకేం ఎరుక లేదు. పైసలు గియిసలు వద్దు, తీసుకపో. మీ నాయిన పాడిన పెట్టె గది. ఊర్లె నలుగురికి మా పేరు చెప్పి వినిపియ్యి.”

బావా, ఇక్కడ జర శ్రద్ధగా విను. ఊరికే వస్తోంది. నా దగ్గర డబ్బు మిగులుతుంది. వద్దనడానికి నాకు నోరు లేదని ఆయనకూ తెలుసు.

“వద్దు” అన్నాను. “ఊకె తీసుకపోతె అది మీ పెట్టెనే ఐతది. నాకు నా పెట్టె గావాలె.”

ఆయన నన్ను కొత్తగా చూశాడు. ముందు ఎవరికో చెప్పిన ధర ఎంతో అడిగాను. రబ్బరుకు కొంత తగ్గించమన్నాను. తగ్గించాడు. డబ్బు బల్ల మీద పెట్టి, చిట్టీ రాసివ్వమన్నాను.

“చిట్టీ ఎందుకయ్యా? నేనేమన్న అడ్డం తిరుగుతనా?”

“నేను మిల్లుల చిట్టీలు రాసేటోన్ని. చిట్టీ లేనిది గేటు దాటది.”

ఈసారి దొరా అనలేదు. కావాలని మానలేదు, నోటికే రాలేదు.

ఆయన కాగితం, కలం వెతుక్కొని రాయడం మొదలుపెట్టాడు. రాసినంతసేపు నేను ఎదురు కుర్చీలో కూర్చున్నాను. అక్కా, కూర్చున్నాను. “నర్సయ్య కొడుకు రాజలింగుకు గ్రామఫోను పెట్టె ఒకటి అమ్మినాను, సొమ్ము ముట్టింది” అని రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం అవ్వ చీర ముక్కలో ప్లేటుతో కలిపి పెట్టాను. బావ అడిగితే చూపిస్తాను. గడీ ఎంగిలి ఎక్కడిది బావా? ఎంగిలి ఊరికే పెడతారు. దీనికి నా సీజను కూలి పోసి కొన్నాను. అయినా నీ గడప దాటొద్దంటే దాటనియ్యకు. నీ గడప బయట అరుగు ఉంది కదా, అది మా అక్క అలికిన అరుగు. అక్కడ పెడతాను. నువ్వు లోపల తలుపేసుకొని కూర్చో. దగ్గు వస్తే జర మెల్లగా దగ్గు, బాపు పాడుతుంటాడు.

ఖాదర్ భాయ్ సైకిల్ ట్యూబు కోసి కొత్త రబ్బరు వేశాడు. ఇప్పుడు గలగల లేదు. కూలి కూడా తీసుకోలేదు. బాపు దగ్గు సంగతి చెప్తే, అక్కతో కలిసి వినేటప్పుడు ఆ దగ్గు దగ్గర తనను కూడా తలుచుకొమ్మన్నాడు. కొత్త మిషిను కొనలేదని సేటుకు కోపం లేదు. “ముసలోనికి ముసలి పెట్టె కుదిరింది” అన్నాడట. నిజమే. నేను కూడా చావి తిప్పితేనే నడుస్తాను.

మన ప్లేటు ఇంకా దాని మీద పెట్టలేదు. ఎన్నిసార్లు చెయ్యి పోయినా ఆపుకున్నాను. మొదటిసారి నీ ముందే.

రెండు పనులు చెప్తున్నాను, మరిచిపోవద్దు. మన చెలక గట్టు మీద తుమ్మ ఉంది కదా, దాని ముండ్లు ఒక ఇరవై ఏరి పెట్టించు. ఎండినవి, సూటిగా ఉన్నవి. పచ్చివి వద్దు, వంగుతాయి. ఇక్కడి ముండ్లతో పని నడుస్తుంది గానీ బాపు గొంతు తీసేది మన చెలక ముల్లే కావాలని నా కోరిక. రెండోది, పక్క ఇండ్లల్లో అడిగి చాపలు తెప్పించు. ఎన్ని దొరికితే అన్ని.

ఎందుకంటే ఊళ్లో అందరికీ చెప్పు, బాపు పాట వినడానికి రమ్మని. గడీ వాకిట్లో మనతో పాటు నిలబడిన వాళ్లు ఎవరెవరు ఇంకా ఉన్నారో వాళ్లను తప్పకుండా పిలువు. వచ్చిన వాళ్లందరూ కూర్చోవాలి. ఒక్కరు కూడా నిలబడి వినకూడదు. జాగా చాలకపోతే మళ్లీ పెడదాం. ముల్లు మారుద్దాం, చావి తిప్పుదాం.

ఒక్క లోటు ఉంది, ముందే చెప్తున్నాను. ముల్లుతో గొంతు చిన్నగా వస్తుంది. ఇనుప సూది పెడితే ఊరంతా వినబడుతుంది, కానీ ప్లేటు పోతుంది. నీ చెవికి చిన్న గొంతు అందుతుందా అని చాలా పరేషాన్ అయ్యాను. తరువాత నవ్వొచ్చింది. ఎంత పిచ్చివాణ్ణి! మనం ఎప్పుడూ దూరంగా వాకిట్లో నిలబడి విన్నాం కాబట్టి అట్లా ఆలోచించాను. ఇప్పుడు పెట్టె మనది. నువ్వు పీట వేసుకొని బోంగ పక్కనే కూర్చో. తల వంచి నీ కుడి చెవిని బోంగలో పెట్టు. నిన్ను ఎవరు అడ్డుకుంటారు?

సీజను అయిపోగానే వస్తాను. బస్సులో పెట్టెను ఒళ్లో పెట్టుకొనే వస్తాను, పైన వేయనియ్యను.

బావకు దండాలు. కోపంగా ఉన్నా దండాలే. గట్టిగా చదివిన సుజాతమ్మకు, పిల్లలకు నా దీవెనలు. నీ చల్లని చెయ్యి నా నెత్తి మీద ఉందనే అనుకొని ఇక్కడ ఉంటున్నాను, అట్లాగే ఉంచు.

పాట అయినాక నేను చెయ్యి లేపను. బాపు దగ్గుతాడు. దగ్గి అడుగుతాడు. ఇన్నేండ్లు ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు. పెద్ద బిడ్డవు, నువ్వే చెప్పాలి.

నీ తమ్ముడు
రాజలింగు